రెండు రెక్కల తలుపు

ప్రూఫులు చేతికొస్తే ముందు అక్షరాలు చూడాలి. నేను బొమ్మలు చూస్తాను. పాత దురలవాటు. ఆ రోజూ అలాగే పేజీలు తిప్పుతుంటే ఒకచోట చిలక కనిపించింది. వంకర ముక్కు, పొడుగు తోక, మెడ చుట్టూ గీత, అన్నీ పొందికగా కుదిరిన రామచిలక. కలప గురించి విద్యార్థుల కోసం చేస్తున్న చిన్న పదకోశం అది. అందులో చిలకకేం పని? బొమ్మ కింద ఉన్న మాట చూస్తే నాదే: 'పక్షాకార మృదుకణజాలం'.

బొమ్మలు వేసిన కుర్రాడికి ఫోన్ చేశాను. "మీరే రాశారు గద సార్, పక్షి ఆకారమని. ఏ పక్షో రాయలేదు. అందుకని అందరికీ తెలిసిన చిలక వేశాను" అన్నాడు. నేను ఊరుకుంటానా? పక్షి ఆకారమైతే 'పక్ష్యాకారం' అవుతుందనీ, అది యణాదేశ సంధి అనీ, ఇక్కడున్నది పక్షం, అంటే రెక్క అనీ, దానికి ఆకారం కలిస్తే సవర్ణదీర్ఘం వచ్చి 'పక్షాకారం' అయిందనీ ఐదు నిమిషాలు పాఠం చెప్పాను. అంతా ఓపిగ్గా విని, "మరి రెక్క అని రాస్తే అయిపోయేది గద సార్" అన్నాడు.

ఆ మాట నాకు కొత్త కాదు. అంతకు మూడు నెలల ముందే మునగాలలో మా నాయిన అన్నాడు. అప్పుడు నేను వినలేదు.

మాది వడ్రంగుల ఇల్లు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రోడ్డు మీద సూర్యాపేట దాటాక, కోదాడ రాకముందు వస్తుంది మునగాల. నేను చదువుకుని, వృక్షశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ ఊరు వదిలాను. నాయిన మాత్రం ఉలి వదల్లేదు. పదకోశం పని ఒప్పుకున్నాక నాకు కర్రముక్కలు కావలసి వచ్చాయి. రకరకాల కలప ముక్కలు దొరికే చోటు మా వసారా కంటే ఇంకేముంటుంది? తుమ్మ, దిరిసెన, వేప, టేకు, మద్ది. ఒక్కోటి అరచేతి మందం కోయించుకుని ముందు పెట్టుకున్నాను.

తుమ్మకర్రను అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని పదునైన ఉలితో నున్నగా చెక్కి, కాస్త తడి చేసి చూడండి. సూదితో పొడిచినట్టు సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. చెట్టు బతికున్నప్పుడు నీళ్ళు పైకెక్కిన గొట్టాలవి. రంధ్రాన్ని అంటిపెట్టుకుని లేత రంగు మచ్చ ఒకటుంటుంది. చెట్టు తన తిండి దాచుకునే మెత్తటి కణాలు అక్కడ గుమిగూడి ఉంటాయి. కొన్ని కర్రల్లో ఆ మచ్చ రంధ్రం చుట్టూ ఉంగరంలా ఉండి ఊరుకుంటుంది. తుమ్మలో, దిరిసెనలో అలా ఊరుకోదు. అటూ ఇటూ సాగి, కొసలు సన్నబడి, రెండు పక్కలకూ చాచుకుని ఉంటుంది. కొన్నిచోట్ల ఒకదాని కొస పక్కదాని కొసతో కలిసిపోయి వంకర గీతలా పోతుంది. దీన్నే ఇంగ్లీషులో 'ఆలిఫార్మ్' అంటారు. లాటిన్‌లో 'ఆలా' అంటే రెక్క. రెక్క రూపంలో ఉన్నది అని అర్థం.

నేను భూతద్దం పెట్టి చూస్తుంటే నాయిన పక్కకొచ్చి కూర్చున్నాడు. అద్దం ఇస్తే వద్దన్నాడు. బొటనవేలు నోట్లో తడిపి కర్ర మీద రుద్ది, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి, "కన్ను రెక్కలు చాపిందిరా ఇక్కడ" అన్నాడు. రంధ్రాన్ని ఆయన కన్ను అన్నాడన్నమాట. దిరిసెన ముక్క తీసుకుని, "దీనికి పొట్టి రెక్కలు" అని పక్కన పెట్టాడు. వేప ముక్క చూసి, "దీనికి అంత సోకు లేదు" అన్నాడు.

నేను రాసుకున్న కాగితం చదివి వినిపించాను. పక్షాకార మృదుకణజాలం. నాయిన కాసేపు ఆలోచించాడు.

"పక్షమంటే పదిహేను రోజులు గదరా?"

"అదొకటి. ఇంకో అర్థం రెక్క."

"మరి రెక్క అనే రాయరాదు? చెట్టుకు యాభై ఏండ్లుంటే పదిహేను రోజుల లెక్కేంది?"

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వులో కాస్త పొగరు కూడా ఉంది, దాచడమెందుకు. శాస్త్రంలో మాటకు ఒక బరువుండాలని నా నమ్మకం. రెక్క అంటే కోడి గుర్తొస్తుంది, కూర గుర్తొస్తుంది. పక్షాకారం అంటే పరీక్ష గుర్తొస్తుంది.

నిజం చెప్పాలంటే పక్షం అనే మాట మీద నాకున్న మోజు ఇవాళ్టికీ పూర్తిగా పోలేదు. ఒక్క రెక్కలోంచి సంస్కృతం ఎంత సంసారం తీసిందో చూడండి. పక్షం ఉన్నది కనక పక్షి. చంద్రుడికి రెండు రెక్కలు, ఒకటి తెలుపు, ఒకటి నలుపు, అవి శుక్ల పక్షం, కృష్ణ పక్షం. రెక్క ఎప్పుడూ ఒక పక్కన ఉంటుంది కనక పక్షమంటే పక్క. ఎటు పక్కన నిలబడ్డావన్న దాన్ని బట్టి స్వపక్షం, ప్రతిపక్షం, అఖిలపక్షం. ఒక పక్కకు వాలితే పక్షపాతం. ఒక పక్క చచ్చుబడితే పక్షవాతం. ఇన్నిట్లో అసలు రెక్క ఎక్కడుందో వెతికినా కనబడదు. అన్ని పనులకు పోయి పోయి ఆ మాటకు ఈకలు రాలిపోయాయి. మునగాల బజార్లో ఎవర్నయినా ఆపి పక్షమంటే ఏమిటని అడిగితే పదిహేను రోజులంటారు, లేదా పార్టీ అంటారు. పిట్టను మాత్రం ఎవరూ తలచుకోరు. చిలక వేసిన కుర్రాడే నయం, కనీసం పిట్ట దాకా వచ్చాడు.

రెక్క అలా కాదు. ఆ సంగతి తెలియడానికి నాకు నిఘంటువు అక్కర్లేదు, ఇంటి తలుపు చాలు.

మా ఇంటి ముందు తలుపు నాయిన పెళ్ళికి ముందు చేసింది. వేపకర్ర. రెండు రెక్కల తలుపు. అలాగే అనేవాళ్ళం, అలాగే అంటారు. ఒంటి రెక్క తలుపైతే వంటింటికి, రెండు రెక్కలది వీధి వాకిలికి. రెండు రెక్కలనూ ఒకే కర్రలోంచి తీయాలనేవాడు నాయిన. వేర్వేరు కర్రలైతే వానాకాలంలో ఒకటి ఉబ్బుతుంది, రెండోది ఉబ్బదు, తలుపు మూతపడదు. "అన్నదమ్ముల లెక్క ఒకేసారి ఉబ్బాలె, ఒకేసారి తగ్గాలె." ఇంగ్లీషువాడు ఇదే తలుపు పలకను ఆకు అన్నాడు. చెవి బయటి డొప్పకు శరీరశాస్త్రంలో వాడే లాటిన్ మాట 'పిన్నా'కు అర్థం ఈక, రెక్క. మనవాళ్ళు అక్కడ విస్తరాకు డొప్పను చూశారు. వాళ్ళు రెక్కను చూసినచోట మనం ఆకును చూశాం, వాళ్ళు ఆకును చూసినచోట మనం రెక్కను చూశాం. ముక్కు పక్కన ఉబ్బెత్తును కూడా వాళ్ళు 'ఆలా' అనే అన్నారు. మనకది పుటం, మడిచిన దొన్నె. కోపమొస్తే మాత్రం ముక్కుపుటాలు ఎగిరెగిరి పడతాయంటాం. ఎగరడం ఎలాగో వచ్చి చేరింది.

మా వడ్రంగం మాటల్లో ఆకు లేదని కాదు. బండిచక్రం నడుమ కుండ నుంచి అంచుదాకా పోయే కర్రలను ఆకులంటారు. చిన్నప్పుడు నాకది అర్థమయ్యేది కాదు. చక్రానికి ఆకులేమిటి, తలుపుకు రెక్కలేమిటి? నాయినను అడిగితే, "ఆకు కదలదు, రెక్క కదులుద్ది" అన్నాడు. చక్రం తిరుగుతుంది నిజమే కానీ కుండలో దిగగొట్టిన ఆకు తనకు తానుగా మెదలదు. మెదిలితే చక్రం పోయినట్టే. తలుపు రెక్క మడతబందు మీద ఆడాలి. ఆడకపోతే అది గోడ. ఈ తేడా ఏ పుస్తకంలోనైనా ఉందేమో తెలియదు. ఇది భాషాశాస్త్రమా, వడ్రంగపు తిక్కా అని తేల్చుకోలేక అప్పట్లో వదిలేశాను.

ఆ ముక్క పట్టుకుని చూస్తే ఒక్కొక్కటీ దారికొస్తుంది. ఫ్యాను రెక్క తిరుగుతుంది. పూరెక్క విచ్చుకుంటుంది. రెక్కనాగలి సంగతి అయితే మరీ బాగుంటుంది. మా నాయిన చేసే కొయ్యనాగలికి రెక్క లేదు. దాని కర్రు నేలను చీలుస్తుంది, అంతే. చాలుకూ చాలుకూ మధ్య దున్నని మన్ను గట్టులా మిగిలేది. ఇనప నాగలి వచ్చింది, కర్రు పక్కన వంపు తిరిగిన రేకుతో. చీల్చిన మట్టిని అది ఎత్తి, పక్కకు పొర్లించి, అడుగుది పైకి వేస్తుంది. చూడ్డానికి ఆ రేకు ఏ పిట్ట రెక్కలానూ ఉండదు. అయినా రైతులు దాన్ని రెక్కనాగలి అన్నారు. మన్నును లేపి తిరగేసేది కనక రెక్క అయిందని నా ఊహ. సాగరు ఎడమ కాలువకు 1967లో నీళ్ళొదిలాక ఈ చుట్టుపక్కల మెట్టంతా మాగాణి అయింది. కొయ్యనాగళ్ళు, రెక్కనాగళ్ళు, వాటి వెనక ట్రాక్టర్లు. నాయినకు నాగళ్ళ పని తగ్గి తలుపుల పని పెరిగింది. రెక్క ఒకచోట తీసుకుంది, ఇంకోచోట ఇచ్చింది.

మనిషి సంగతికి రాలేదింకా. మా వైపు చెయ్యి అంటే మణికట్టు దాకా, మహా అయితే మోచేతి దాకా. అక్కణ్ణుంచి పైది రెక్క. రెక్క పట్టుకుని లేపుతారు, రెక్క పట్టుకుని బయటికి గెంటుతారు. రెక్కాడితే గాని డొక్కాడదు అనే సామెతను నేను చాలాకాలం పిట్ట గురించిన సామెత అనుకున్నాను. పిట్ట రెక్కలాడిస్తూ పోతేనే గింజ దొరుకుతుందని, డొక్క నిండుతుందని. తప్పేం లేదు, ఆ అర్థమూ కుదురుతుంది. ఆస్తి ఏముందని అడిగితే రెక్కలే ఆస్తి అంటారు. పిల్లల్ని చదివించడానికి రెక్కలు ముక్కలు చేసుకుంటారు. ఆ పిల్లలకే తర్వాత రెక్కలొస్తాయి, ఎగిరిపోతారు. ముక్కలైనవీ రెక్కలే, మొలిచినవీ రెక్కలే. తెలుగు ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకుని ఏమీ ఎరగనట్టు ఉంటుంది. పత్రికల్లో ధరలకు రెక్కలొచ్చాయని రాసేవాళ్ళకు ఇదంతా పట్టదనుకోండి.

రెక్క కదలకుండా చేయడానికి కూడా మనకు మాటుంది: పెడరెక్కలు విరిచి కట్టడం. మునగాల వాడికి ఈ మాట ఊరికే రాదు. మునగాల పరగణా ఒక జమీందారీ. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఇది మాత్రం ఇంగ్లీషువాళ్ళ కృష్ణా జిల్లాలో భాగం. పటంలో చూస్తే ఒంటికి అంటకుండా ఎగిరొచ్చి ఇక్కడ పడ్డ ఈకలా ఉండేది. 1959లో నల్లగొండ జిల్లాలో కలిపారు. ఇప్పుడు సూర్యాపేట జిల్లా. ఆ జమీందారు రాజా నాయని వెంకటరంగారావు నడిగూడెం కోటలో ఉండేవారు. ఆయన దివానే కొమర్రాజు లక్ష్మణరావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టడం వెనక వీళ్ళిద్దరూ ఉన్నారు. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి వెనకా ఉన్నారు. అదే పరగణాలో 1930లు వచ్చేసరికి రైతులు వెట్టికి, అక్రమ వసూళ్ళకు ఎదురుతిరిగారు. పుస్తకాలకు రెక్కలిచ్చిన నేల మీదే మనుషుల రెక్కలు కట్టుబడి ఉన్నాయి. మా వాడకట్టులో ముసలివాళ్ళు మొదటి సంగతి ఎప్పుడూ చెప్పేవాళ్ళు కాదు, రెండోదే చెప్పేవాళ్ళు. నేను చదువుకుని మొదటిది తెలుసుకున్నాను, దాన్ని తలకెక్కించుకున్నాను.

తలకెక్కించుకున్నాననే అంటాను, ఎందుకంటే మునగాలలో పుట్టి తెలుగులో శాస్త్రం రాస్తున్నానంటే నాకు ముందు కొమర్రాజే గుర్తొస్తాడు. ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టి అకారాది క్రమంలో మూడు సంపుటాలు తెచ్చాడు. మూడో సంపుటం అచ్చయినా 'అ' దాటలేదు. 1923లో కన్నుమూశాడు. 'ర' దాకా వచ్చి ఉంటే రెక్క దగ్గర ఏం రాసేవాడో అని నాకు ఊరికే ఒక కుతూహలం. నడిగూడెంలోనే పింగళి వెంకయ్య పత్తి మీద పనిచేశాడు. ఆ తర్వాత 1921లో బెజవాడలో గాంధీజీకి జెండా చూపించింది ఆయనే. కంది, పెసర పూలలో పెద్ద రేకును ధ్వజమనీ, దాని పక్కనున్న రెండు రేకులను పక్షాలనీ పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఈ వెంకయ్యను తెచ్చి కలిపేవాణ్ణి. పాఠానికి సంబంధం లేకపోయినా పిల్లలు ధ్వజం మర్చిపోయేవాళ్ళు కాదు. పక్షాలు మాత్రం పరీక్షలో ఎవరూ సరిగ్గా రాసేవాళ్ళు కాదు. అది వాళ్ళ తప్పే అనుకునేవాణ్ణి.

రెక్కలంటే నాకు వానాకాలం మొదటి రాత్రులు కూడా గుర్తొస్తాయి. తొలకరి పడ్డ సాయంత్రం ఉసిళ్ళు లేచేవి. వీధిదీపం కింద పొగలా ముసిరి, వసారాలోకి, అన్నం కంచాల్లోకి రాలేవి. అవ్వ పళ్ళెంలో నీళ్ళు పోసి దీపం కింద పెట్టేది. పొద్దున చూస్తే ఉసిళ్ళు ఉండవు, నేలంతా రెక్కలే. ఒక్కో పురుగుకు ఒకే పొడవున్న నాలుగు రెక్కలు. వాటి మొదట్లో విరగడానికే పెట్టినట్టు ఒక గీత ఉంటుంది, అక్కడికి పుటుక్కున రాలిపోతాయి. జీవితంలో ఒక్కసారి ఎగరడానికి వచ్చిన రెక్కలు. నేల మీద దిగాక ఆ జంట మట్టిలోకి దూరి కొత్త చెదలపుట్ట మొదలుపెడుతుంది. పళ్ళెంలో పడ్డవాటిని అవ్వ ఉప్పూకారం వేసి వేయించేది. నాయినకు మాత్రం ఆ రెక్కలు చూస్తే మంట. "ఇయ్యాల రెక్కలు రాల్చినయ్, ఏడాదికి మన దూలం తింటయ్" అని చీపురు అందుకునేవాడు. అంత తేలికైన రెక్కలు చీపురుకు ఒక పట్టాన దొరికేవి కావు. ముందుకు ఊడిస్తే వెనక్కి ఎగిరేవి.

చిలక బొమ్మ వచ్చిన వారానికే అమ్మ ఫోన్ చేసింది. "మీ నాయిన రెక్క లేస్తలేదురా. అంగీ తొడుక్కోను అవస్థ పడుతుండు."

సూర్యాపేటలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. అంగీ విప్పించి, గోడకు ఎదురుగా నిలబెట్టి, రెండు అరచేతులూ గోడకు ఆనించి నెట్టమన్నాడు. నాయిన నెట్టాడు. ఎడమ భుజఫలకం వీపుకు అతుక్కునే ఉంది. కుడిది లేచింది. వీపు మీంచి విడిపోయి, లోపలి అంచు చర్మాన్ని గుడారంలా లేపుతూ, పైకి పొడుచుకొచ్చింది. ఎనభై దాటిన మనిషి, కండ కరిగిన వీపు. ఆ ఎముక అంచు మొత్తం వేలితో గీసి చూపించవచ్చు. డాక్టరు నా వైపు తిరిగి, "వింగ్డ్ స్కాపులా" అన్నాడు.

రెక్క తేలిన భుజఫలకం. పక్కటెముకల మీదుగా పోయి ఈ ఎముకను వీపుకు అదిమి పట్టుకునే కండరం ఒకటుంది. దానికి ఆజ్ఞలు మోసే నరం మెడలోంచి బయల్దేరి ఛాతీ పక్కగా పొడుగ్గా, పెద్దగా రక్షణ లేకుండా దిగుతుంది. భుజం మీద ఏళ్ళ తరబడి బరువు పడినా, ఒక్కసారి గట్టిగా గుంజుకున్నా అది దెబ్బ తినవచ్చు. నరం నొచ్చితే కండరం పట్టు వదులుతుంది, ఎముక లేస్తుంది. అది లేచినందువల్లే చెయ్యి లేవదు. చాలామందిలో నెలలు పట్టి మెల్లగా తిరిగొస్తుందని డాక్టరు ధైర్యం చెప్పాడు. ఈ వయసులో ఎంత వస్తుందో చూద్దామన్నాడు.

నేను ఇదంతా నాయినకు తెలుగు చేసి చెప్పబోయాను. అలవాటు ప్రకారం 'భుజఫలకం పక్షాకారంగా' అని నోటిదాకా వచ్చింది. నాయిన అంగీ గుండీలు ఎడమచేత్తో పెట్టుకుంటూ, "మీ అమ్మ పొద్దున చెప్పిందే గద ఈయన గూడ చెప్పింది. రెక్క అన్నది ఆమె. ఈయన ఇంగిలీషుల అన్నడు" అన్నాడు.

తిరుగు బస్సులో నేను ఎక్కువ మాట్లాడలేదు. ఆకారం కోసం మాట వెతుకుతూ కూర్చున్నాను ఇన్నేళ్ళూ. రెక్క అనగానే ఒక బొమ్మ, ఒక రూపురేఖ, దానికి తగిన గంభీరమైన పేరు. మా అమ్మకు రెక్క అంటే లేవాల్సింది. నాయినకు ఆడాల్సింది. రైతుకు తిరగేయాల్సింది. వాళ్ళు ముందు పని చూశారు. రూపం ఎట్లా ఉన్నా వాళ్ళకు పరవాలేదు, అందుకే తలుపు పలకకూ నాగలి రేకుకూ జబ్బకూ అదే మాట సరిపోయింది. తుమ్మకర్రలో ఆ మచ్చ కూడా ఊరికే లేదు కదా. చెట్టుకు కరువొచ్చినప్పుడు తీసి వాడుకునే తిండి అక్కడుంది. పని చేసేదే అది. 'కన్ను రెక్కలు చాపింది' అని నాయిన అన్నప్పుడు 'చాపింది' అనే క్రియను నేను చెవిన వేసుకోలేదు. నామవాచకం కోసం మాత్రమే కాగితం పట్టుకుని కూర్చున్నాను.

అలాగని సంస్కృతం మాటలన్నీ పీకెయ్యాలని కాదు. పదకోశంలో 'కణజాలం' ఉంచాను. దానికి బదులు వేరే మాట నాకు దొరకలేదు, దొరికిందని బుకాయించను. ఎర్రచందనం, ఏగిస చెట్ల శాస్త్రనామాల్లో 'టెరోకార్పస్' ఉంటుంది, గ్రీకులో రెక్కల కాయ అని. దాని పక్కన పక్షఫలం అని నేను రాసింది కొట్టేసి 'రెక్కకాయ' అని పెట్టాను. నెమలినార గింజలు మీరు చూసే ఉంటారు, కాసంత గుండ్రటి పల్చటి పొర, నడుమ గింజ. దానికి 'రెక్కగింజ' అని రాశాను. తెల్లమద్ది కాయకు 'అయిదు రెక్కలు'. చదివినవాడు బడి గోడ పక్కన చెట్టు కింద వంగి ఏరుకుని రాగలిగితే చాలు.

మళ్ళీ ఊరెళ్ళేసరికి నాయిన వ్యాయామం మొదలుపెట్టాడు. గోడకు నెట్టమన్నారు గానీ గోడ నున్నగా లేదని ఆయన తలుపు దగ్గర నిలబడేవాడు. రెండు రెక్కలూ మూసి, గొళ్ళెం పెట్టి, ఒక్కో రెక్క మీద ఒక్కో అరచెయ్యి ఆనించి, మెల్లగా ముందుకు వాలి వెనక్కి వచ్చేవాడు. నేను వెనక నిలబడి లెక్కపెట్టేవాణ్ణి. వాలినప్పుడల్లా కుడి ఎముక లేచేది, వెనక్కొస్తే పడుకునేది. ముందు ఆయన చేసిన రెండు రెక్కలు, వాటి మీద చేతులు, వీపు మీద ఒకటి. పదకొండోసారికి ఆగి, "లేస్తుందా?" అన్నాడు.

"లేస్తుంది నాయినా."

"లేవొద్దు గద అది."

"అవును. లేవొద్దు."

"నీ మాటలు నాకు తెలుస్తలేవురా. కావాల్సిన రెక్క లేస్తలేదు, వద్దన్నది లేస్తుంది" అని మళ్ళీ వాలాడు.

ఆ మధ్యాహ్నం దిద్దిన ప్రూఫు ముందేసుకుని కూర్చున్నాను. 'పక్షాకార' మీద గీత కొట్టి 'రెక్కలు చాపిన' అని రాశాను. బొమ్మ సంగతి మిగిలింది. చిలకను తీసేస్తే అక్కడ ఖాళీ. నాకు గీత రాదు. నాయిన చెవి మీద ఎప్పుడూ ఉండే మొద్దు పెన్సిలు తీసుకుని, కుడిచెయ్యి చెక్క మీద బరువు ఆనించి, కాగితం అంచున ఒక చిన్న సున్న చుట్టాడు. దానికి అటొకటి ఇటొకటి, మొదట లావుగా, కొసకు సన్నగా, రెండు మచ్చలు. చెయ్యి వణికి ఎడమది కాస్త పెద్దదయింది. "కర్రలో గూడ రెండూ ఒక్క తీరుగ ఉండయ్ లే" అన్నాడు.

ఫోటో తీసి కుర్రాడికి పంపాను. దీన్ని చూసి శుభ్రంగా గీయమని, అచ్చం ఇలాగే ఉండాలని రాశాను. కాసేపటికి జవాబొచ్చింది.

"సీతాకోకచిలకా సార్?"

నాయినకు చదివి వినిపిస్తే గట్టిగా నవ్వబోయి, ఎడమచేత్తో కుడిభుజం పట్టుకున్నాడు.